అడక్కముందే వడ్డించే కెర్నెల్

పోయిన నెల ఫైల్ సిస్టమ్‌ల గురించి రాశాక వచ్చిన మెయిళ్లలో చాలావరకు ఒకే చోటికి వచ్చి ఆగాయి. ఫైలు చదవడం ఒకసారి నిదానంగా, ఒకసారి వేగంగా ఎందుకుంటుంది, అందులో మన చేతిలో ఏమైనా ఉందా అని. అందుకే ఈ నెల పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నాను. ప్రశ్నలు దాదాపు అన్నీ లినక్స్ మీదే, ఒక్కటి మాత్రం విండోస్ మీద, ఒకటి చదువుకునే పిల్లలు వాడే చిన్న కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) మీద.

ప్రశ్న: మా సర్వర్‌లో 2 జీబీ లాగ్ ఫైలుని గ్రెప్ చేస్తే (అందులో ఒక మాట వెతికితే) మొదటిసారి చాలాసేపు పడుతుంది, వెంటనే మళ్లీ చేస్తే ఇట్టే అయిపోతుంది. రెండోసారి వేగం క్యాష్ (ఒకసారి చదివినదాన్ని మెమరీలో దాచి ఉంచడం) వల్లని తెలుసు. మరి మొదటిసారి కోసం కెర్నెల్ ఏమీ చెయ్యదా?
*సిస్టమ్ అడ్మిన్, విజయవాడ*

జవాబు: చేస్తుందండీ, చాలానే చేస్తుంది. చెయ్యకపోతే ఎలా ఉండేదో ముందు లెక్క వేద్దాం, అప్పుడు విలువ తెలుస్తుంది.

మీ సర్వర్‌లో తిరిగే హార్డ్ డిస్క్ ఉందనుకోండి, నిమిషానికి 7200 చుట్లు. అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు, డిస్క్‌ని చదివే హెడ్ కిందకి రావడానికి సగటున సగం చుట్టు, 4 మిల్లీసెకన్ల పైన. హెడ్ ఆ ట్రాక్ దగ్గరకి జరగడానికి ఇంకో 8 వేసుకోండి. మొత్తం 12 మిల్లీసెకన్లు ప్రయాణానికే పోయాయి. తీరా అక్కడికి చేరాక 4 కేబీ పేజీ (కెర్నెల్ మెమరీని పంచుకునే ముక్క) ఒకటి చదవడానికి పట్టేది 0.03 మిల్లీసెకను కూడా కాదు. సెకనుకి 80 సార్లు ఇలా వెళ్లొస్తే చేతికొచ్చేది 320 కేబీ. అదే ప్రయాణంలో 4 కేబీకి బదులు 128 కేబీ తెచ్చుకుంటే అదనంగా పట్టేది ఒక మిల్లీసెకను లోపే, వచ్చేది మాత్రం సెకనుకి 9 ఎంబీ పైన. ఊరు దాకా బస్సెక్కి వెళ్లి ఒక్క నిమ్మకాయ కొనుక్కొచ్చినట్టు ఉంటుంది 4 కేబీ చొప్పున చదవడం.

కాబట్టి ఎక్కువ తేవాలి, ప్రోగ్రామ్ అడక్కముందే తేవాలి. దీన్నే రీడ్ అహెడ్ అంటారు, ప్రీఫెచింగ్ అన్నా అదే. అయితే ఎంత తేవాలి, ఎప్పుడు తేవాలి అన్నదాంట్లోనే అసలు పనితనం ఉంది. పెళ్లి బంతిలో వడ్డించే మనిషిని చూడండి. విస్తట్లో అన్నం పూర్తిగా అయిపోయాక వంటల దగ్గరకి పరుగెడితే తినేవాడు చెయ్యి ఎండబెట్టుకుని కూర్చోవాలి. పని తెలిసిన మనిషి, ఇంకా నాలుగు ముద్దలు ఉండగానే గమనించి కదులుతాడు, ఇతను తినడం అతను తేవడం ఒకేసారి జరిగిపోతాయి. తక్కువ తినేవాడికి మొదటిసారే కుమ్మరించడు కూడా. కొంచెం వేసి, తింటున్నాడని చూశాక పెంచుతాడు.

లినక్స్ అచ్చంగా ఇదే చేస్తుంది. డిఫాల్ట్‌గా విండో (ఒక విడతలో ముందుగా తెచ్చే మొత్తం) గరిష్ఠ పరిమాణం 128 కేబీ, అంటే 32 పేజీలు. మీ ప్రోగ్రామ్ ఫైలు మొదటినుంచి 4 కేబీ చొప్పున చదువుతోందనుకుంటే లోపల జరిగేది ఇదీ. 0వ పేజీ అడిగింది, మెమరీలో లేదు. ఫైలు మొదలు నుంచి చదువుతున్నారు కాబట్టి వరసగానే చదువుతారని కెర్నెల్ అనుకుని, ఒకటి అడిగితే నాలుగు తెస్తుంది: 0 నుంచి 3 దాకా. తెస్తూ 1వ పేజీ మీద చిన్న గుర్తు పెడుతుంది. ప్రోగ్రామ్ 1వ పేజీకి వచ్చి ఆ గుర్తుని తాకగానే, ఇంకా 2, 3 చేతిలో ఉండగానే, తర్వాతి విండోకి ఆర్డర్ వెళ్లిపోతుంది. ఈసారి ఎనిమిది పేజీలు, 4 నుంచి 11. గుర్తు 4 మీద. 4 తాకితే పదహారు, 12 నుంచి 27. 12 తాకితే ముప్పై రెండు, 28 నుంచి 59. ఇక అక్కడినుంచి 32 చొప్పునే సాగుతుంది. ప్రోగ్రామ్ కొత్త విండోలోని మొదటి పేజీ మీద కాలు పెట్టగానే దాని తర్వాతి విండో బయల్దేరుతుందన్నమాట, అందుకే డిస్క్ వేగంగా ఉన్నంతసేపూ ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు.

ఈ గుర్తు పద్ధతిని చైనాకి చెందిన వూ ఫెంగ్వాంగ్ రాశారు, 2007లో వచ్చిన 2.6.23 కెర్నెల్‌లో చేరింది. నాకు చాలా ఇష్టమైన కోడ్ అది. అంతకుముందున్న పద్ధతిలో రెండు విండోల లెక్క విడిగా మోసుకుంటూ తిరిగేవారు, ఆయన ఆ పనిలో చాలా భాగాన్ని పేజీ మీద ఒక్క బిట్టుకి అప్పజెప్పేశారు. గుర్తు తగిలితే పని, లేకపోతే పేజీ క్యాష్‌లోంచి ఇచ్చేసి ఊరుకోవడమే. ఓపికుంటే సోర్స్‌లో ఎంఎం డైరెక్టరీలో రీడ్ అహెడ్ ఫైలు తెరిచి చూడండి, పైనే పొడవైన వ్యాఖ్య ఉంటుంది.

మీ గ్రెప్ మొదటిసారి కూడా ఈ సాయం తీసుకునే నడుస్తోంది. అయినా నిదానంగా ఉందంటే డిస్క్ అంతే ఇస్తోందని ఒక అర్థం, లేదా అదే సమయంలో అదే డిస్క్‌ని ఇంకెవరో లాగుతున్నారని ఇంకో అర్థం. డిస్క్ లెక్కలు చూపించే ఐఓస్టాట్ కమాండ్‌ని ఎక్స్ ఆప్షన్‌తో పెట్టి, సగటు రీడ్ రిక్వెస్ట్ ఎన్ని కేబీలు ఉందో చూపించే కాలమ్ చూడండి. 128కి దగ్గరగా ఉంటే రీడ్ అహెడ్ సరిగ్గా పనిచేస్తోంది. 4, 8 దగ్గర కొట్టుకుంటోందంటే వరస ఎక్కడో తెగుతోంది.

ప్రశ్న: ఇప్పుడంతా ఎస్‌ఎస్‌డీలే కదా. తిరిగే పళ్లెమూ లేదు, జరిగే హెడ్డూ లేదు. ఇక రీడ్ అహెడ్ ఎందుకు?
*డిగ్రీ విద్యార్థి, వరంగల్*

జవాబు: మంచి ప్రశ్న. కారణం మారింది, అవసరం పోలేదు.

మంచి ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లో (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) ఒక 4 కేబీ రీడ్‌కి సుమారు 100 మైక్రోసెకన్లు అనుకోండి. ఒకటి అడిగి, వచ్చాక ఇంకోటి అడిగితే సెకనుకి 10,000, అంటే 40 ఎంబీ. కానీ ఆ డ్రైవ్ మీద సెకనుకి 3000 ఎంబీ అని రాసి ఉంటుంది! మిగతాది ఎక్కడికి పోయింది? డ్రైవ్ లోపల చాలా ఫ్లాష్ చిప్‌లు పక్కపక్కన పనిచెయ్యగలవు, మీరు ఒక్కదానికే పని చెప్పి మిగతావాళ్లని ఖాళీగా కూర్చోబెట్టారు. ఒకేసారి చాలా పేజీలు అడిగితేనే అందరికీ పని దొరుకుతుంది. వరసగా చదివే ప్రోగ్రామ్ తనంతట తాను అలా అడగదు కాబట్టి దాని తరఫున కెర్నెల్ అడుగుతుంది.

క్లౌడ్‌లో అద్దెకి తీసుకునే డిస్క్‌లకైతే ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పేరుకి ఎస్‌ఎస్‌డీనే, కానీ అది నెట్‌వర్క్ అవతల ఉంటుంది. వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను అనుకున్నా, 4 కేబీ చొప్పున చదివితే సెకనుకి 4 ఎంబీ. హార్డ్ డిస్క్ కాలంలో నేర్చుకున్నది అక్కడ మళ్లీ పనికొస్తుంది.

ప్రశ్న: రీడ్ అహెడ్ విలువని 128 నుంచి 16384 కేబీకి పెంచితే సర్వర్ పరుగెడుతుందని చాలాచోట్ల చదివాను. మా డేటాబేస్ సర్వర్‌లో పెట్టెయ్యమంటారా? నిజంగా తేడా ఉంటే డిఫాల్ట్‌గానే ఎందుకు పెట్టలేదు?
*సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్*

జవాబు: పెట్టకండి. కనీసం డేటాబేస్ ఉన్న మెషీన్ మీద, కొలవకుండా పెట్టకండి. ఇది నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్న విషయం.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట రాత్రిపూట ఒక రిపోర్టు నడిచేది, నెట్‌వర్క్ డిస్క్ మీద పెద్ద పెద్ద ఫైళ్లు మొదటినుంచి చివరిదాకా చదివేది. విండోని 16 ఎంబీకి పెంచాను. రిపోర్టు బాగా త్వరగా అయిపోయింది, అందరం సంతోషించాం, అలాగే వదిలేశాం. రెండు రోజులకి అదే మెషీన్ మీద పగటిపూట నడిచే ఇంకో పని ఈడ్చుకుంటూ నడవడం మొదలైంది. అదేమిటంటే, ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక చిన్న ప్రోగ్రామ్ లేచి, పెద్ద ఇండెక్స్ ఫైలుని మెమరీకి మ్యాప్ చేసుకుని (ఫైలుని మెమరీలో భాగంలా చూసుకుని), అందులో మూడు నాలుగు చోట్ల చూసి వెళ్లిపోయేది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, కోడ్ మారలేదు. ఒక రోజంతా టెన్షన్ పడ్డాక తెలిసింది.

మ్యాప్ చేసిన ఫైలులో ఒక పేజీ దొరక్కపోతే కెర్నెల్ ముందుకే చూడదు, ఆ పేజీని మధ్యలో పెట్టుకుని చుట్టూ ఒక విండో అంత తెచ్చేస్తుంది. ప్రోగ్రామ్‌లూ లైబ్రరీలూ లోడ్ అయ్యేటప్పుడు ముందూ వెనకా రెండూ కావాల్సి వస్తాయని ఆ ఏర్పాటు, 128 కేబీతో అది చక్కగా పనిచేస్తుంది. 16 ఎంబీతో? ఒక్క 4 కేబీ పేజీ కోసం చుట్టూ 16 ఎంబీ. నాలుగు చోట్ల చూస్తే 64 ఎంబీ. ఇలా పేజీలు వరసగా దొరక్కపోతూంటే, సుమారు వంద దాటాక, చుట్టూ తేవడం కెర్నెల్ మానుకుంటుంది నిజమే, కానీ ఆ లెక్క తెరిచిన ఫైలుకి విడివిడిగా ఉంటుంది. మా ప్రోగ్రామ్ ప్రతిసారీ కొత్తగా పుట్టేది, ప్రతిసారీ లెక్క సున్నా నుంచే మొదలు. డిస్క్‌కి ఊపిరి సలపకపోవడం సంగతి అటుంచి, ఆ పనికిరాని పేజీలు మెమరీలోకి వచ్చి, పనికొచ్చేవాటిని బయటికి నెట్టేశాయి.

డిఫాల్ట్‌ని 128 దగ్గర ఎందుకు ఉంచారన్న దానికి ఇదే జవాబు. తప్పు అంచనా ఖర్చు ఇద్దరు కడతారు: డిస్క్ ఒకటి, మెమరీ ఇంకొకటి. మెమరీ బాగా తక్కువున్న మెషీన్‌లో అయితే తెచ్చిన పేజీ చదివేలోపే బయటికి పోతుంది, మళ్లీ తేవాల్సి వస్తుంది, ఒకే పేజీకి రెండు ప్రయాణాలు. మోంగోడీబీ వాళ్లయితే తమ డేటాబేస్‌కి రీడ్ అహెడ్‌ని 8 నుంచి 32 సెక్టార్ల మధ్య పెట్టమని చెబుతారు, సెక్టారుకి 512 బైట్లు కాబట్టి 4 నుంచి 16 కేబీ. పెంచమని కాదు, తగ్గించమని! మరోపక్క రెడ్ హ్యాట్ వాళ్ల ట్యూన్డ్ అనే సర్దుబాటు సాధనంలో థ్రూపుట్ ప్రొఫైల్ పెడితే 4096 కేబీ అవుతుంది. రెండూ సరైనవే, రెండు పనులూ వేరు.

మీరు అడగని ఒక మాట కూడా చెబుతాను, ఎందుకంటే దీని మీద చాలామంది తప్పు కొలతలు తీసుకుంటారు. ఆ విలువని మార్చినా అప్పటికే తెరిచి ఉన్న ఫైళ్లకి వర్తించదు. ఫైలు తెరిచిన క్షణంలో డివైస్ విలువని ఆ ఫైలు తన దగ్గర రాసుకుంటుంది, తర్వాత అదే వాడుకుంటుంది. డేటాబేస్ నడుస్తూ ఉండగా మీరు 128ని 16384 చేసి, "ఏమీ మారలేదే, మంచిదే" అనుకుంటారు, వారం తర్వాత డేటాబేస్ రీస్టార్ట్ అయినప్పుడు బయటపడుతుంది. మెషీన్ రీబూట్ అయితే మళ్లీ పాత విలువకి పోతుంది కూడా, నిలవాలంటే డివైస్‌ల సెట్టింగులు పెట్టే యూడెవ్ రూల్‌లోనో ట్యూన్డ్‌లోనో రాయాలి. కొలిచే ముందు సింక్ కొట్టి, డ్రాప్ క్యాషెస్‌లో 3 రాసి క్యాష్ ఖాళీ చెయ్యడం మర్చిపోకండి, లేదంటే మీరు కొలిచేది డిస్క్‌ని కాదు, ర్యామ్‌ని. ఒక ఫైలు ఎంతవరకు క్యాష్‌లో ఉందో ఫిన్‌కోర్ అనే కమాండ్ చెబుతుంది.

నా సలహా వేరే. డివైస్ మొత్తానికి కలిపి ఒక అంకె మార్చడం కంటే, చదివే ప్రోగ్రామ్ చేతే చెప్పించండి. పాజిక్స్ ఎఫ్‌అడ్వైజ్ అనే కాల్ ఉంది. సీక్వెన్షియల్ అని చెబితే ఆ ఫైలు వరకు విండో రెట్టింపు అవుతుంది, ర్యాండమ్ అని చెబితే రీడ్ అహెడ్ ఆగిపోతుంది, విల్ నీడ్ అని ఫలానా చోటునుంచి ఇంత అని చెబితే వెనకాల తేవడం మొదలుపెట్టి మీకు వెంటనే చెయ్యి వదిలేస్తుంది. మ్యాప్ చేసిన ఫైళ్లకి ఇదే పని ఎమ్‌అడ్వైజ్ చేస్తుంది. మా ఇండెక్స్ ప్రోగ్రామ్‌లో చివరికి చేసింది ఇదే, ర్యాండమ్ అని ఒక్క లైను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా 2009లో వచ్చిన 8.4తో బిట్‌మ్యాప్ స్కాన్‌లో ఎఫ్‌అడ్వైజ్ వాడడం మొదలుపెట్టింది, ఏ బ్లాకులు కావాలో ముందే తెలుసు కాబట్టి వాటిని ముందుగా కెర్నెల్‌కి చెప్పేసేది. కెర్నెల్‌ది ఊహ, ప్రోగ్రామ్‌ది తెలిసిన సంగతి. తెలిసినవాడు చెప్పకుండా కూర్చుని, ఊహించేవాడి మీద ఒత్తిడి పెంచడం నాకు నచ్చదు.

అన్నట్టు, మీకు ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్‌లు (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫోల్డర్లు) ఉంటే మాత్రం ఒకసారి చూసుకోండి. పాత కెర్నెళ్లలో వాటి విండో రీడ్ సైజుకి 15 రెట్లు ఉండేది, 5.4 నుంచి అదీ 128 కేబీకి వచ్చింది. కెర్నెల్ అప్‌గ్రేడ్ చేశాక షేర్ మీద పెద్ద ఫైళ్లు నిదానించాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే, అక్కడ పెంచడంలో తప్పు లేదు.

ప్రశ్న: విండోస్ ఫోల్డర్‌లో ప్రీఫెచ్ అని ఒకటి ఉంది. అందులోవి తీసేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందని మా నెట్ సెంటర్‌లో చెప్పారు. నిజమేనా?
*గృహిణి, తెనాలి*

జవాబు: కాదమ్మా, తీసెయ్యకండి. 2001లో ఎక్స్‌పీతో వచ్చింది అది. మీరు ఒక ప్రోగ్రామ్ తెరిచినప్పుడు మొదటి కొద్ది సెకన్లలో అది ఏ ఫైళ్లలో ఏ భాగాలు ముట్టుకుంటుందో విండోస్ రాసిపెట్టుకుంటుంది, ఈసారి తెరిచినప్పుడు వాటన్నిటినీ ఒకేసారి తెచ్చి పెడుతుంది. ఆ రాతలే ఆ ఫోల్డర్‌లో ఉన్నవి. తీసేస్తే మళ్లీ కొత్తగా రాసుకునేదాకా ప్రోగ్రామ్‌లు ఇంకా నిదానంగా తెరుచుకుంటాయి, అంతకుమించి ఏమీ జరగదు. చాలా చిన్న ఫైళ్లు, స్థలమూ మిగలదు.

ప్రశ్న: తెలుగు చేతిరాత అక్షరాలు గుర్తించే మోడల్ చేస్తున్నాం. లక్షల కొద్దీ చిన్న చిన్న బొమ్మ ఫైళ్లు. జీపీయూ సగం సేపు ఖాళీగానే ఉంటోంది, చదవడమే ఆలస్యం. రీడ్ అహెడ్ పెంచినా లాభం లేదు. ఎందుకు?
*పరిశోధక విద్యార్థి, హైదరాబాద్*

జవాబు: ఎందుకంటే రీడ్ అహెడ్ ఒక ఫైలు లోపలే చూస్తుంది. మీ ఒక్కో బొమ్మ ఏ 5 కేబీయో ఉంటుంది, రెండు పేజీలు. తెరిచారు, చదివారు, ఫైలు అయిపోయింది. తర్వాత మీరు ఏ ఫైలు తెరుస్తారో కెర్నెల్‌కి తెలిసే దారే లేదు, పైగా మీరు ప్రతి విడతకీ వరస కలిపేస్తారు కూడా. విండో ఎంత పెంచినా అందులో నింపడానికి ఏముంది?

కానీ మీకు తెలుసు. వరస కలిపిన క్షణంలోనే రాబోయే వెయ్యి బొమ్మల పేర్లు మీ లిస్టులో ఉన్నాయి. ట్రైనింగ్‌కి పైటార్చ్ లైబ్రరీ వాడుతుంటే మొదట డేటా లోడర్‌లో వర్కర్ల సంఖ్య చూడండి, డిఫాల్ట్ సున్నా. అంటే చదవడం, ట్రైనింగ్ ఒకే చేతి మీద నడుస్తున్నాయి, ఒకటి ఆగితే ఇంకొకటి ఆగుతుంది. దాన్ని 4 చేస్తే ఒక్కో వర్కర్ రెండేసి బ్యాచ్‌లు ముందుగా సిద్ధం చేసి పెడుతుంది. బంతిలో వడ్డించేవాళ్లని పెంచడం అది.

దానితో సరిపోకపోతే, బొమ్మలన్నిటినీ వెయ్యేసి చొప్పున టార్ ఫైళ్లుగా కట్టండి. ఇప్పుడు కెర్నెల్‌కి వరసగా చదివే పెద్ద ఫైలు దొరికింది, ఇంతకుముందు మూలన కూర్చున్న రీడ్ అహెడ్ లేచి పనిలోకి వస్తుంది. ఫైలు ఫైలుకీ పేరు వెతికి, ఐనోడ్ (ఫైలు వివరాలుండే పట్టీ) తెచ్చి, తెరిచి మూసే ఖర్చు కూడా పోతుంది, చిన్న ఫైళ్లలో నిజానికి అదే ఎక్కువ. వరస కలపడం మాత్రం కొంచెం వదులుకోవాలి: టార్‌ల వరస కలిపి, లోపలివాటిని మెమరీలో ఒక బుట్టలో వేసి కలుపుకోండి. మీ పనికి అది చాలుతుంది.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. చదువు కోసం రాసిన ఎక్స్‌వీ6 కెర్నెల్‌కి రీడ్ అహెడ్ కలపడం మా ప్రాజెక్టు. ఫైలు చదివే రీడ్ఐ ఫంక్షన్‌లో, బ్లాక్‌కి బీరీడ్ (డిస్క్ నుంచి బఫర్‌లోకి తేవడం) చేశాక తర్వాతి బ్లాక్‌కి కూడా బీరీడ్ చేసి వెంటనే బీరిల్స్ (బఫర్ వదిలెయ్యడం) చేస్తున్నాను. బూట్ అవుతుంది, షెల్ వస్తుంది, క్యాట్ రీడ్‌మీ కొట్టగానే "లాగ్ రైట్ అవుట్‌సైడ్ ఆఫ్ ట్రాన్స్" అని పానిక్, కెర్నెల్ అక్కడే ఆగిపోతుంది. అది ఏదోలా దాటించినా వేగం ఏమాత్రం పెరగలేదు. ఎక్కడ తప్పు?
*విద్యార్థిని, కాకినాడ*

జవాబు: ఈ నెల నాకు బాగా నచ్చిన ఉత్తరం మీది. రెండు తప్పులున్నాయి, రెండూ ఎంతో నేర్పేవే.

మొదట పానిక్. చివరి బ్లాక్ చదువుతున్నప్పుడు మీరు దాని తర్వాతి బ్లాక్ నంబరు బీమ్యాప్ ఫంక్షన్‌ని అడిగారు. ఫైలులో అలాంటి బ్లాక్ లేదు. బీమ్యాప్ "లేదు" అని చెప్పదు, డిస్క్‌లో ఖాళీ బ్లాక్ ఒకటి కేటాయించేస్తుంది, రాసేటప్పుడు కూడా అదే ఫంక్షన్ వాడతారు కాబట్టి. కేటాయింపు అంటే బిట్‌మ్యాప్ మారాలి, అంటే లాగ్‌లో రాయాలి, చదవడానికొచ్చిన రీడ్ సిస్టమ్ కాల్ ఏ ట్రాన్సాక్షన్‌నీ (డిస్క్ మార్పులని ఒక కట్టగా లాగ్‌లో రాసే ఏర్పాటు) మొదలుపెట్టలేదు. అందుకే పానిక్. ప్రోగ్రామ్ లోడ్ చేసే ఎగ్జెక్ ట్రాన్సాక్షన్ లోపలే చదువుతుంది కనక అక్కడ పానిక్ రాలేదు, షెల్ దాకా వచ్చింది. కానీ అక్కడ కూడా మీ కోడ్ చప్పుడు లేకుండా డిస్క్ బ్లాకులు తినేస్తోంది, గమనించారా? మందు చిన్నదే: తర్వాతి బ్లాక్ మొదలు ఫైలు సైజు లోపల ఉంటేనే బీమ్యాప్‌ని పిలవండి.

ఇక వేగం. బీరీడ్ లోపల వర్టియో డిస్క్ ఫంక్షన్ డిస్క్‌కి పని చెప్పి, పూర్తయ్యేదాకా నిద్రపోతుంది. మీరు తర్వాతి బ్లాక్‌ని ముందు తెచ్చారు సరే, తెచ్చినంతసేపూ నిలబడి ఎదురుచూశారు. రేపటి ఎదురుచూపుని ఇవాళ చేశారంతే, తగ్గలేదు. పని అప్పజెప్పి, ఆగకుండా వెనక్కి రావాలి.

అలా రావాలంటే ఒక చిక్కు: బఫర్ తాళం ఎవరు తియ్యాలి? తెచ్చాక ఇంటరప్ట్ వస్తుంది, ఆ ఇంటరప్టే తియ్యాలి. అక్కడినుంచి బీరిల్స్‌ని పిలిస్తే మళ్లీ పానిక్, ఎందుకంటే తాళం వేసిన ప్రాసెసే తీస్తోందా అని అది చూస్తుంది, ఇంటరప్ట్ వచ్చినప్పుడు సీపీయూ మీద ఏ ప్రాసెస్ ఉందో, అసలు ఉందో లేదో. దాని లోపలి రిలీజ్ స్లీప్ ఆ ప్రశ్న అడగదు. కాబట్టి బఫర్‌లో "ఇది ముందుగా తెచ్చింది" అని ఒక ఫీల్డ్ పెట్టుకోండి. ఇంటరప్ట్‌లో ఆ ఫీల్డ్ ఉంటే వ్యాలిడ్‌ని 1 చేసి, డిస్క్‌కి రిక్వెస్ట్ రాసిచ్చే డిస్క్రిప్టర్ల గొలుసుని విడిపించి (మామూలుగా ఇది నిద్రలేచిన ప్రాసెస్ చేసే పని, ఇక్కడ లేచేవాళ్లు ఎవరూ లేరు), రిలీజ్ స్లీప్ చేసి, బీక్యాష్ తాళం పట్టుకుని రిఫరెన్స్ లెక్క తగ్గించండి. ఇంత చేశాక చదివేవైపు ఏమీ మార్చక్కర్లేదు, అదే ఇందులో అందం. చదివే ప్రాసెస్ ఆ బ్లాక్‌కి వచ్చేసరికి డేటా ఇంకా దారిలో ఉంటే స్లీప్ లాక్ దగ్గర ఆగుతుంది, వచ్చేసి ఉంటే నేరుగా తీసుకుంటుంది.

ఇంకా మూడు జాగ్రత్తలు. ముందుగా తేవాల్సిన బ్లాక్ ఇప్పటికే క్యాష్‌లో ఉంటే దాన్ని ముట్టుకోకండి, తాళం కోసం ఆగారంటే మీ ఉద్దేశమే పోయింది. ఖాళీ బఫర్ లేకపోతే, బఫర్ తీసిచ్చే మామూలు బీగెట్ ఫంక్షన్ పానిక్ చేస్తుంది, మీది మాత్రం ఊరుకుని వెనక్కి రావాలి. ఎక్స్‌వీ6లో మొత్తం బఫర్లే 30, వాటిలో కొన్నిటిని లాగ్ పట్టుకుని ఉంటుంది, అందుకే ఒక బ్లాక్, మహా అయితే రెండు, అంతకంటే ముందుకి పోకండి. డిస్క్రిప్టర్లు 8, ఒక్కో రిక్వెస్ట్‌కి 3 కావాలి, అంటే ఒకేసారి రెండే రిక్వెస్ట్‌లు నడుస్తాయి. ఖాళీ లేకపోతే నిద్రపోకుండా వదిలెయ్యండి. ముందుగా తేవడం ఎప్పుడూ వదులుకోదగ్గ పనే, దానికోసం ఎవర్నీ ఆపకూడదు.

మీ వైవాలో చెప్పుకోవడానికి ఒక సంగతి. ఎక్స్‌వీ6కి మూలం 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్. అందులో బీరీడ్ పక్కనే "బీరీడ్ఏ" అని ఇంకో ఫంక్షన్ ఉండేది. ఐనోడ్‌లో చివరగా చదివిన బ్లాక్ నంబరు రాసుకునేవారు, ఇప్పుడడిగింది దాని తర్వాతిదైతే బీరీడ్ఏ పిలిచేవారు. అది కావలసిన బ్లాక్‌కీ, దాని తర్వాతి బ్లాక్‌కీ కలిపి పని చెప్పి, మొదటిదాని కోసం మాత్రమే ఆగేది. రెండోదాని మీద ఏసింక్ అని జెండా, పూర్తయ్యాక ఐఓడన్ అనే ఫంక్షన్ ఆ జెండా చూసి బఫర్‌ని తనే వదిలేసేది. మీకు పైన చెప్పిన పద్ధతి అదే. పాఠం తేలిగ్గా ఉండాలని ఎక్స్‌వీ6 రాసినవాళ్లు దాన్ని పక్కన పెట్టారు, మీరు మళ్లీ తెస్తున్నారు. ఆ చివరి బ్లాక్ నంబరు ఆలోచన కూడా తీసుకోండి, లేకపోతే అక్కడో ముక్క ఇక్కడో ముక్క చదివేవాళ్లకి కూడా మీరు అనవసరంగా తెస్తుంటారు.

కొలతలో మోసపోకండి. ఎక్స్‌వీ6ని నడిపే క్యూఎము ఎమ్యులేటర్ కింద మీ డిస్క్ అనేది మీ ల్యాప్‌టాప్‌లో ఒక ఫైలు, అది ల్యాప్‌టాప్ లినక్స్ పేజీ క్యాష్‌లో కూర్చుని ఉంటుంది, ప్రతి రీడ్ మెరుపులా వస్తుంది. పైగా అప్‌టైమ్ కాల్ లెక్కపెట్టే టిక్ సెకనులో పదో వంతు, ఎక్స్‌వీ6లో అతి పెద్ద ఫైలు 268 బ్లాకులే, అంటే 268 కేబీ. తేడా ఆ టిక్‌లో కనబడదు. సమయం బదులు సంఖ్య లెక్కపెట్టండి: చదివే ప్రాసెస్ డేటా కోసం ఎన్నిసార్లు నిద్రపోవాల్సి వచ్చిందో ఒక కౌంటర్. టెస్ట్ ప్రోగ్రామ్‌లో ఒక్కో బ్లాక్ చదివాక చెక్‌సమ్ లాంటిది ఏదైనా కాసేపు చేయించండి. మధ్యలో పనే లేకుండా వరసగా చదివితే డిస్క్‌కి ముందుగా పరుగెత్తే సందు దొరకదు. మీ కోడ్ ఉన్నప్పుడు, లేనప్పుడు ఆ కౌంటర్ ఎంతుందో రెండు అంకెలూ నాకు రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాను.